సీసాలో నెత్తళ్ళతో యారాడ దాకా

ఉదయం ఆరూ నలభైకి ఉక్కునగరంలో మా సెక్టారు స్టాపు దగ్గర బస్సెక్కాను. ఒళ్ళో చేతిసంచి. సంచిలో మూత చుట్టూ గుడ్డ బిగించి కట్టిన గాజు సీసా, అందులో గుప్పెడు ఎండు నెత్తళ్ళు, వేలెడంత చేపలు. పక్కనే స్టీలు గిన్నెలో పెరుగన్నం, ఇంకో సీసాలో కాచి చల్లార్చిన నీళ్ళు. నాకప్పుడు ఐదో నెల. మా ఆయన పొద్దుటి షిఫ్టుకి ఐదున్నరకే సైకిలు మీద వెళ్ళిపోయారు. రెండింటికి షిఫ్టు దిగి ఇంటికి వచ్చేసరికి నేనుండనని ముందు రోజే చెప్పాను. వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు. నశ్యం ఒక పట్టు పీల్చారు.

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నానో ముందు చెప్పాలి. మూడో నెలలో అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే తిరిగి వచ్చేసేది. ఒక్క ఎండు నెత్తళ్ళు మాత్రం లోపల నిలిచేవి. మా ఆయన వన్ టౌన్‌లో ఒక దుకాణం నుంచి రెండు కిలోలు తెచ్చి డబ్బాలో పోశారు. వంకాయతో వండుకున్నాను. ఉల్లిపాయతో వేయించుకున్నాను. అంతటితో ఆగితే ఇంత భయం ఉండేది కాదు. మధ్యాహ్నం ఒక్కదాన్నే ఉన్నప్పుడు డబ్బాలోంచి గుప్పెడు తీసుకుని, కడగకుండా అలాగే నమిలేదాన్ని. వాటి మీద తెల్లటి పొడి ఉండేది. ఉప్పనుకున్నాను. వేళ్ళకి అంటింది కూడా నాకేదాన్ని. అలా రెండు నెలలు గడిచాయి.

నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. చదువు మాత్రం మానలేదు. గాజువాక శాఖా గ్రంథాలయంలో తెలుగు పుస్తకాల బీరువాలు ఆరుంటే, కాపురానికి వచ్చిన ఏడాదిన్నరలో నాలుగు పూర్తిచేశాను. అక్కడి పంతులుగారు కొత్త పత్రికల కట్ట విప్పితే మొదటి పత్రిక నా చేతికే ఇచ్చేవారు. పసుపులో రంగు కలుపుతారని, కందిపప్పులో కేసరిపప్పు కలిస్తే కాళ్ళు పడిపోతాయని, ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిస్తే ఒళ్ళు వాస్తుందని మా వీధిలో ఆడవాళ్ళందరికీ చెప్పింది నేనే. బొప్పాయి ముట్టుకోవద్దు, నువ్వులు తినవద్దు అని మా అత్తగారు ఊరి నుంచి ఉత్తరం రాయిస్తే లోలోపల నవ్వుకున్నాను. నిజమైన భయాలు పుస్తకాల్లో ఉంటాయని నా నమ్మకం.

ఫిబ్రవరి చివర్లో పురుగుమందుల జాగ్రత్తల మీద ఒక చిన్న పుస్తకం చేతికొచ్చింది. పదకొండో పేజీలో నాలుగు వాక్యాలున్నాయి. ఎండుచేపలకి పురుగు పట్టకుండా కొందరు బి.హెచ్.సి. అనే పురుగుల పొడి చల్లుతారని, అది ఒంట్లో కొవ్వులో చేరి ఏళ్ళ తరబడి ఉండిపోతుందని, తల్లి పాలలోకి కూడా దిగుతుందని. గ్రంథాలయం బల్ల మీద చేతులు ఆనించి కూర్చున్నాను. నాకు ఇది రెండో కడుపు. మొదటిది నాలుగో నెలలో పోయింది. ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదు. కారణం తెలియకుండా పోతే ఆ తరువాత కనిపించే ప్రతి వస్తువూ కారణంలాగే ఉంటుంది.

ఆసుపత్రిలో లేడీ డాక్టరుని అడిగాను. నా వెనక వరసలో ఇంకా నలభైమంది ఉన్నారు. కడుక్కుని తింటే చాలని చీటీ మీంచి తలెత్తకుండా చెప్పింది.

పురుగుల పొడి వాసన నాకు తెలియనిది కాదు. మాది శ్రీకాకుళం వైపు వ్యవసాయ కుటుంబం. కానీ కడుపుతో ఉన్న ఆడదాని ముక్కుని నమ్మడానికి లేదు. నాకు ఆ రోజుల్లో సబ్బు కంపు కొట్టేది, కాఫీ కంపు కొట్టేది, కొత్త చీర కూడా కంపు కొట్టేది. డబ్బా మూత తీసి వాసన చూస్తే ఒకరోజు చేప వాసన, ఒకరోజు పురుగుల పొడిలాంటి ముక్కవాసన. మా ఆయన్ని చూడమంటే నశ్యం పీల్చి పీల్చి ఆయన ముక్కు ఎప్పుడో మొద్దుబారిపోయింది. చేప వాసనే అన్నారు. ఇక ఆ చేప ఎక్కడ ఎండిందో అక్కడికే వెళ్ళి అడగాలనుకున్నాను.

బస్సు గాజువాక చేరేసరికి ఏడూ పది. అక్కడ చాలామంది ఎక్కారు. నా పక్కన నిలబడ్డ పెద్దాయన రెండు మూడు సార్లు గాలి పీల్చి అందరికీ వినబడేలా అడిగాడు.

"ఎవులమ్మా ఎండుసేపలు ఒట్టుకెల్తన్నారు? పొద్దున్నే ఆకలి లేపుతన్నారు."

బస్సంతా నవ్వింది. సీసాకి టిక్కెట్టు అక్కర్లేదని, మూత తీస్తే మాత్రం తనకీ వాటా ఉండాలని కండక్టరు అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆ పెద్దాయన ముక్కుని గమనించాను. ఆయనకి తగిలింది చేప వాసన ఒక్కటే. కాస్త ధైర్యం వచ్చింది. మల్కాపురం దాటుతుంటే కిటికీలోంచి రిఫైనరీ నూనె వాసన కొట్టింది. ఆయన ముక్కుకి అది తగిలినట్టే లేదు. ఆ ధైర్యం కాస్తా పోయింది.

ఎనిమిదీ పదికి పాత పోస్టాఫీసు దగ్గర దిగాను. వన్ టౌన్ కొత్తగా వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అక్కడి సందుల్లో ఆటో కంటే నడకే నయం. బస్తాల బళ్ళు ఎదురైతే గోడకి అతుక్కుని నిలబడాలి. నేను పొట్టకి సంచి అడ్డం పెట్టుకుని నడిచాను. దారిలో ఇడ్లీ కొట్టు దగ్గర పొగలు కక్కే ఇడ్లీలు కనిపించాయి. ఆకలి వేసింది. కానీ చట్నీ గిన్నె మీద మూత లేదు, నీళ్ళు ఎక్కడివో తెలియదు. ముందుకి నడిచాను.

మా ఆయన చెప్పిన గుర్తుల ప్రకారం దుకాణం దొరికింది. నడుముల ఎత్తున ఎండుచేపల గుట్టలు. షావుకారు అరవై దాటిన మనిషి, కళ్ళద్దాలకి దారం కట్టుకున్నాడు. స్టూలు వేసి కూర్చోబెట్టాడు. నేను సీసా తీసి, దీని మీద పొడి ఏమిటని అడిగాను. ఆయన సీసా వైపు చూడనైనా చూడలేదు. పక్కనున్న పెద్ద చేపని చీల్చినచోట వేలితో గీరి, ఆ వేలు నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పు తల్లీ. ఉప్పు నేకండా ఎండుసేప నిలవుంటాదేటి? నువ్వేటి భయపడిపోకు."

నా మనసు కుదుటపడింది. ఆయన నాకిన వేలునే చూస్తూ ఉండిపోయాను. విషమైతే ఎవరు నాకుతారు? ఆయన గీరింది పెద్ద చేపననీ, నా సీసాలోవి చిన్నవనీ ఆ క్షణాన తట్టలేదు. నెత్తళ్ళు ఎక్కడివని అడిగితే, యారాడలో పైడమ్మ అనే ఆవిడ వారానికి రెండు తట్టలు తెస్తుందని చెప్పాడు. టీ తెప్పిస్తానన్నాడు. వద్దన్నాను.

అక్కడి నుంచే ఇంటికి తిరిగిపోవచ్చు. కాళ్ళు అటే లాగాయి. కానీ ఒకరి మాట విని ఊరుకునేటట్టయితే నాలుగు బీరువాలు చదవడం ఎందుకు? తొమ్మిదీ ఇరవైకి సింధియా బస్సెక్కాను.

సింధియా దగ్గర దిగి యారాడ బస్సు కోసం నిలబడాలి. రోజుకి నాలుగే బస్సులు. పది గంటల బస్సు పదీ నలభైకి వచ్చింది. వెళ్ళదలచుకున్నవాళ్ళు నీళ్ళు తీసుకుని వెళ్ళండి, ఆ స్టాపులో నీడ లేదు. బస్సు కొండెక్కుతుంటే కింద హార్బరు ఛానలూ, వరసగా ఓడలూ కనిపిస్తాయి. మలుపు తిరిగాక ఒక్కసారిగా అవతలి సముద్రం. అందరూ చూసేది ఆ మలుపునే. నేను కళ్ళు మూసుకుని, వాంతి రాకుండా ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాను.

పదకొండూ పదికి యారాడ. కొబ్బరితోటల్లోంచి నడిచి ఇసుక మీదికి వచ్చేసరికి చెప్పుల్లోంచి కూడా కాలుతోంది. ఎండలో వెండి దుప్పట్లు పరిచినట్టు నెత్తళ్ళు ఆరబోసి ఉన్నాయి. పైడమ్మ ఎవరని అడిగితే కొబ్బరాకుల పందిరి కింద వల బాగుచేస్తున్న ఆవిడని చూపించారు. యాభై ఏళ్ళుంటాయి. పక్కనే ఆమె కోడలు నూకాలు కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. నూకాలు పొట్ట నా పొట్ట కంటే పెద్దది. ఏడో నెలట.

నన్ను చూడగానే పైడమ్మ పీట జరిపి, కొబ్బరిబోండాం కొట్టించింది. కాయలోని నీళ్ళు కాబట్టి తాగాను. షావుకారు చెప్పింది చెప్పి, మీరు ఉప్పు ఎంత పాళ్ళలో వేస్తారని అడిగాను. తెలిసిన జవాబే మళ్ళీ వినాలని అడిగిన ప్రశ్న అది.

"నెత్తళ్ళకి ఉప్పెయ్యమమ్మా," అంది పైడమ్మ. "ఇసక మీద పరిచీసి ఎండెట్టీడవే. ఉప్పు పెద్ద సేపలకి."

"ఉప్పగానే ఉన్నాయి కదా," అన్నాను.

"సముద్రంలోది ఉప్పగుండక తియ్యగుంటాదేటి?"

నూకాలు నవ్వింది. నేను సీసా తీసి ఇచ్చాను. మూత చుట్టూ బిగించిన గుడ్డ చూసి నూకాలు నవ్వు ఆపేసింది. పైడమ్మ గుడ్డ విప్పి, మూత తీసింది. ముక్కు దగ్గరికి కూడా తీసుకెళ్ళలేదు. చేతి దూరంలోనే పట్టుకుని మూత పెట్టేసింది.

"ఇది పురుగుల పొడి. నాను సల్లిందే."

అలలు మామూలుగానే వస్తున్నాయి. దాచిపెట్టిందేదో ఒప్పుకుంటున్నట్టు కాదు, వల ముడి ఎలా వేస్తారో చెప్పినంత మామూలుగా చెప్పింది. పొడి వేయకపోతే ఈగలు గుడ్లు పెడతాయట. పురుగు కనిపిస్తే షావుకారు తట్ట దింపించకుండానే వెనక్కి పంపేస్తాడట. అందుకని తట్టకెత్తే ముందు పలచని గుడ్డలో పొడి మూటకట్టి దులుపుతుందట. పందిరి వెనక రెండు గుట్టలు చూపించింది. ఒకటి పెద్దది, తెల్లగా మసకబారి ఉంది. రెండోది చాట నిండా, నిగనిగలాడుతూ.

"అది అమ్మీది. ఇది మేం తినీది."

కడుపుతో ఉన్నవాళ్ళు తింటారని తెలియదా అన్నాను. మొదటిది ఎలా పోయిందో చెప్పాను. రెండు నెలలు వేళ్ళు నాకానని చెప్పాను. పదకొండో పేజీ మొత్తం అప్పజెప్పాను. పైడమ్మ అడ్డం రాలేదు. అంతా విన్నాక నెమ్మదిగా అడిగింది.

"మీదే ఊరమ్మా? రైతులా?"

అవునన్నాను.

"మినువులు పండిత్తారా? మరి వాటికి పురుగు పట్టకండా ఏటెడతారు?"

కిందటేడు ఫాల్గుణంలో, ఉక్కునగరం నుంచి అత్తగారి ఊరు వెళ్ళినప్పుడు, సంతకి పంపే మినుములు రెండు గోనెలు మా గాదె గదిలో ఉన్నాయి. ముక్కుకి పైట చుట్టుకుని, ఆ గోనెల్లో పురుగుల పొడి కలిపింది నేనే. మోచేతుల దాకా పెట్టి కలిపాను. ఇంటి కుండలోని మినుములకి మాత్రం పిడకల కచ్చిక బూడిద కలిపి, వేపాకు కప్పి, మూతికి గుడ్డతో వాసెన కట్టాం. మా ఇంట్లో అది ఎవరూ చెప్పుకోవలసిన విషయం కాదు. సంతకి పొడి, ఇంటికి బూడిద. ఆ చిన్న పుస్తకం చదివినప్పుడు కూడా ఆ రెండు గోనెలూ నాకు గుర్తు రాలేదు. అందులో రాసింది నా నోట్లోకి వచ్చే తిండి గురించే అనుకున్నాను. నా చేతిలోంచి వెళ్ళిన తిండి గురించి కూడా అని తోచలేదు.

"పొడే చల్లుతాం," అన్నాను.

"ఇంటికో?"

"బూడిద."

పైడమ్మ నన్ను దెప్పలేదు. దెప్పితే బాగుండేది. ఆమె చూపు నూకాలు మీదికి వెళ్ళింది.

"దీనికి బలవని రోజూ మినప సున్నుండ ఎడతన్నాను. నాలుగు నెల్ల నుంచీ."

ఆ మినుములు ఎక్కడ కొన్నారని అడిగాను. వన్ టౌన్‌లోనే, ఎండుచేపలు దింపిన రోజున, పక్క వీధిలో. అవి ఎవరి ఊరివో ఆమెకి తెలియదు, నాకూ తెలియదు. మావే అయి ఉండాలని లేదు. కాకూడదనీ లేదు. నూకాలు రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. పొట్ట మీద చేతులు అలా పెట్టుకోవడం నాకు బాగా తెలుసు.

"అక్కా," అంది, "లోపలికి ఎల్లిపోయిందాన్ని తీసీడానికి ఆ పుస్తకంలో ఏటైనా రాసినాడా?"

లేదన్నాను. పదకొండో పేజీ అక్కడితో అయిపోతుంది. పన్నెండో పేజీలో ఎలుకల మందు మొదలవుతుంది. నాలుగు బీరువాలు చదివిన మనిషిని, ఆ పిల్లకి ఇంకొక్క వాక్యం చెప్పలేకపోయాను.

తెలిసినంత మాత్రం చెప్పాను. మినుములు ముందు వేడినీళ్ళలో రుద్ది, మూడు నీళ్ళు వంపి, పొట్టు తీసేసి ఎండబెట్టి అప్పుడు విసరమన్నాను. అలా చేసినా పూర్తిగా పోతుందని చెప్పలేదు. పైడమ్మ ప్రతి మాటకీ తలూపింది. పొడి మానేస్తానని మాత్రం అనలేదు. మానేస్తే తట్ట వెనక్కి వస్తుంది, అప్పుడు ఇంటిల్లిపాదీ తినేదేమిటని అడిగింది. నాకు ముందుగా కబురు పెడితే పొడి లేని తట్ట ఒకటి వేరేగా ఉంచుతానంది. అది నా ఒక్కదాని భయానికి మందు. దుకాణంలో కొనుక్కునే మిగతా ఆడవాళ్ళ మాటేమిటని అడగబోయి ఊరుకున్నాను. మా రెండు గోనెల గురించి ఆమె నన్ను అలా అడగలేదు.

పన్నెండున్నరకి చాటలోవి గుప్పెడు నిప్పుల మీద కాల్చి ఇచ్చింది. నా పెరుగన్నం నూకాలూ నేనూ సగం సగం తిన్నాం. ఆ చిన్న పుస్తకం చదివాక నేను అనుమానం లేకుండా మింగిన ముద్దలు అవే. సీసాలోవి పైడమ్మ ఇసుకలో లోతుగా గుంట తీయించి, కాకులు పెకలించకుండా పైన రాయి పెట్టించింది.

రెండింటి బస్సు రెండూ పదిహేనుకి బయలుదేరింది. తిరుగు ప్రయాణంలో కొండ మీద కళ్ళు తెరిచే ఉన్నాను. కింద ఛానల్లో ఒక ఓడలోంచి గోనెలు దింపుతున్నారు. అంత ఎత్తు నుంచి చీమల బారులా ఉంది. ఏ దేశపు ధాన్యమో, దాన్ని నింపేటప్పుడు ఎవరు ముక్కుకి గుడ్డ చుట్టుకుని ఏమి కలిపారో, వాళ్ళ ఇంటి కుండలో ఏమి దాచుకున్నారో. అంతకు ముందు విశాఖపట్నం అంటే నాకు చాలా పెద్ద ఊరు. ఆ మధ్యాహ్నం మాత్రం నా డబ్బాకీ నూకాలు సున్నుండకీ మధ్య ఒక కొండా, రెండు సందులే ఉన్నట్టు అనిపించింది.

ఇది రాస్తున్నప్పుడు నాకు ఎనిమిదో నెల. మినుముల్లో పొడి కలపవద్దని మా అత్తగారికి రెండు ఉత్తరాలు రాశాను. బొప్పాయి తినడం లేదు కదా అని జవాబు వచ్చింది. లోపల బిడ్డ కదులుతోంది. కదిలినప్పుడు ఒక భయం, కదలనప్పుడు ఇంకో భయం. నూకాలుకి ఈపాటికి పురుడు వచ్చి ఉండాలి. యారాడ బస్సు వేళలు నాకు నోటికి వచ్చు. వెళ్ళి చూసే ధైర్యం మాత్రం రాలేదు.

ఆ రోజు సింధియాలో మూడింటికి గాజువాక బస్సు దొరికింది. సగం పెరుగన్నం ఎప్పుడో అరిగిపోయింది. కళ్ళు తిరుగుతున్నాయి. పక్క సీటులో నడివయసు ఆవిడ నా వాలకం చూసి ఎన్నో నెల అని అడిగింది. చెప్పాను. సంచిలోంచి పొట్లం విప్పి నాలుగు జంతికలు నా చేతిలో పెట్టింది.

"మినప్పిండివే, ఇంట్లో సేసినవి. తినమ్మా, రెండు పేణాలు."

చేతిలో పట్టుకుని మల్కాపురం దాకా కూర్చున్నాను. మినుములు ఎక్కడ కొన్నారని అడగాలనిపించింది. ఆవిడ మాత్రం ఏం చెప్పగలదు? అరచేతిలో నూనె అంటుకుంది. లోపలి ప్రాణానికి కూడా ఆకలి వేస్తూ ఉంటుందని తెలుసు. గాజువాక రాకముందే మొదటిది విరిచి నోట్లో పెట్టుకున్నాను. కరకరలాడింది, చాలా బాగుంది. భయపడుతూనే నాలుగూ తిన్నాను.